డార్విన్ ఎక్స్‌ట్రావర్టా?

ప్రశ్న: ఫ్రెండ్స్ కొందరం కలిసినప్పుడల్లా పాతకాలం తత్వవేత్తలవీ సైంటిస్టులవీ పర్సనాలిటీ టైపులు గెస్ చేస్తుంటాం. జర్మన్ తత్వవేత్త కాంట్, డార్విన్, న్యూటన్ ముగ్గురూ ఇంట్రోవర్టులేనని తేల్చేశాం. తీరా చూస్తే మనస్తత్వవేత్త యుంగ్ డార్విన్‌ని ఎక్స్‌ట్రావర్ట్ అన్నాడట. ఏళ్ల తరబడి ఇల్లు కదలని మనిషి ఎక్స్‌ట్రావర్ట్ ఎలా అవుతాడండీ?

జవాబు: మీరు విన్నది నిజమే. 1921లో వచ్చిన తన ‘సైకలాజికల్ టైప్స్’ పుస్తకంలో యుంగ్ ఎక్స్‌ట్రావర్టెడ్ థింకింగ్‌కి డార్విన్‌నీ, ఇంట్రోవర్టెడ్ థింకింగ్‌కి కాంట్‌నీ ఉదాహరణగా చూపించాడు. చిక్కెక్కడంటే ఇప్పుడు మనం ఇంట్రోవర్ట్ అంటే నలుగురిలో కలవనివాడు అనుకుంటాం, ఆయన చూసింది అది కాదు, మనిషి ఆలోచన బయటి వస్తువుల మీదికి పోతోందా లోపలి భావాల మీదికి పోతోందా అని. డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు బార్నకిల్స్ మీద, అంటే ఓడల అడుగునా సముద్రపు రాళ్లకీ అంటుకుని బతికే చిన్న జీవులు, వాటిని కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తూ గడిపాడు, పావురాలు పెంచేవాళ్లనీ మొక్కలు పెంచేవాళ్లనీ ఉత్తరాలు రాసి విసిగించి మరీ వివరాలు రాబట్టాడు. మనిషి ఇంట్లోనే ఉన్నా ధ్యాసంతా బయటే. కాంట్ అలా కాదు, అసలు మనకి ఏదైనా ‘తెలియడం’ అనేది ఎలా కుదురుతుంది అని లోపలికి తవ్వుకుంటూ పోయాడు.

అదే కాంట్‌ని మన అర్థంలో చూశారనుకోండి, నాకైతే ఇంట్రోవర్ట్ అని అస్సలు అనిపించదు! ఆయన రోజూ గడియారం చూసినట్టు ఒకే టైంకి వాకింగ్‌కి వెళ్లేవాడన్న కథ ఒక్కటే అందరూ పట్టుకుంటారు. కుర్రతనంలో ఆయన పేకాట, బిలియర్డ్స్ ఆడినవాడు. పెద్దయ్యాక కూడా రోజూ మధ్యాహ్నం భోజనానికి మనుషులు ఉండాల్సిందే, ఫిలాసఫీ చేసేవాడు ఒంటరిగా తినడం ఆరోగ్యానికి మంచిది కాదని రాశాడు కూడా. బల్ల దగ్గర ముగ్గురికి తగ్గకూడదు, తొమ్మిది మందికి మించకూడదు అని లెక్క కూడా ఉంది. కబుర్లు గంటల కొద్దీ నడిచేవి.

న్యూటన్ దగ్గర తంటా ఇంకోలా ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లో తలుపేసుకుని కూర్చున్న మనిషే 1696లో లండన్ టంకశాలకి వెళ్లి దొంగనాణేల ముఠాల వెంటపడి సాక్షుల్ని స్వయంగా విచారించాడు. ముప్పై ఏళ్ల న్యూటన్‌కా యాభై దాటిన న్యూటన్‌కా మీరు టైప్ వేస్తున్నది?

ఇప్పుడు అందరూ టైపులు వేసే నాలుగు అక్షరాల టెస్టు (ఎంబీటీఐ) బ్రిగ్స్, మయర్స్ అనే తల్లీకూతుళ్లు యుంగ్ మాటల మీద కట్టింది, అందులో చివరి అక్షరం, అంటే ముందే తేల్చేసుకునేవాడా (జే) ఇంకా చూద్దాం అనేవాడా (పీ) అన్నది, వాళ్లు కలిపిందే. అది కూడా మనిషి తన గురించి తాను జవాబులు చెప్పుకునే టెస్టు, పోయినవాళ్లు ఎలాగూ చెప్పరు. అందుకే నేను వాళ్ల గొప్ప పుస్తకాలు పక్కనపెట్టి, ఎవరికీ చూపించాలని రాయని కాగితాలు వెతుకుతా. 1838లో డార్విన్ పెళ్లి చేసుకోవాలా వద్దా అని ఒక కాగితం మీద రెండు వరసలు రాసుకున్నాడు. వద్దు వైపు చుట్టాల ఇళ్లకి వెళ్లక్కర్లేదు, టైం వేస్టు అని ఉంటుంది, అవును వైపు జీవితాంతం తోడు, ఎలా చూసినా కుక్కకంటే నయం అని ఉంటుంది. ఈ లెక్క చూసి ‘టీ’, అంటే థింకింగ్, తర్కంతో నిర్ణయించేవాడు అని రాసేస్తారు అందరూ. కానీ ఆయన్ని ఒప్పించింది లెక్క కాదని నాకనిపిస్తుంది, ఆ కాగితం మీదే సోఫాలో భార్య, మంచి చలిమంట, పుస్తకాలు అని ఒక దృశ్యం ఊహించుకుని, తను ఉంటున్న మురికి వీధితో పోల్చుకుని, పెళ్లి పెళ్లి పెళ్లి అని మూడుసార్లు రాసేశాడు! నేనైతే ఆ ఒక్క చోట ‘ఎఫ్’, అంటే ఫీలింగ్, మనసు మాట వినేవాడు అని వేస్తా.

ప్రశ్న: సోక్రటీస్‌కి ఏ టైప్ వేస్తారు?

జవాబు: ఆయన ఒక్క పుస్తకం కూడా రాయలేదు కదండీ. ఆయన శిష్యుడు ప్లేటో చూపించే సోక్రటీస్ ఎదుటివాడి ప్రతి మాటనీ విడదీసి ఇరుకున పెడతాడు, ఇంకో శిష్యుడు జెనోఫన్ చూపించే సోక్రటీస్ ఇల్లు దిద్దుకోవడం లాంటి పనికొచ్చే సలహాలు ఇస్తాడు, అరిస్టోఫనీస్ క్రీ.పూ. 423లో ఆడించిన నాటకంలో అయితే బుట్టలో వేలాడుతూ ఆకాశం చూస్తుంటాడు. మీ ఫ్రెండ్స్‌లో ఒక్కొక్కరు ఒక్కో సోక్రటీస్‌ని మనసులో పెట్టుకుని వాదించుకుంటూ ఉండొచ్చు, ముందు అది కనుక్కోండి.