విజయవాడ–గుంటూరు రోడ్డు మీద తిరిగే 320డికి కాయిలోవర్లు, స్పేసర్లు: ఎంతవరకు?

మీరు అడిగింది: ఎఫ్30 తరం బీఎండబ్ల్యూ 320డి, రోజూ విజయవాడ నుంచి గుంటూరు ప్రయాణం. కాయిలోవర్లతో (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాక్‌ల సెట్టు) కారును 40 మి.మీ. దించి, నాలుగు చక్రాలకూ 20 మి.మీ. స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) వేస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందా, టైరు ఫెండర్‌కి తగులుతుందా అని.

కారును 40 మి.మీ. దించకండి, 20 దగ్గర ఆగండి. స్పేసర్లు 12 మి.మీ. చాలు. డబ్బంతా మంచి షాక్‌ల మీద పెట్టండి.

మొదట ట్రాక్, అంటే ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సంగతి. మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి మళ్లుతుంది. ట్రాక్ ఎంత వెడల్పైతే ఆ మళ్లింపు అంత తగ్గుతుంది. ఈ కారు ముందు ట్రాక్ సుమారు 1.53 మీటర్లు. పక్కకి 12 చొప్పున మొత్తం 24 మి.మీ. పెంచితే ఒకటిన్నర శాతం పెరిగినట్టు. పక్కకి 20 వేసినా రెండున్నర శాతమే. స్టీరింగ్ పట్టుకున్న చేతికి ఆ తేడా దాదాపు తెలియదు. నష్టం మాత్రం తెలుస్తుంది. చక్రం బయటికి జరిగిన కొద్దీ స్క్రబ్ రేడియస్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటికీ, టైరు మధ్యకీ ఉన్న దూరం) మారుతుంది. ఒక పక్క చక్రం గుంతలో పడ్డా, ఒక పక్క తడి ఉన్నచోట బ్రేకు వేసినా స్టీరింగ్ లాగుతుంది. హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగ్ మీద భారం పెరుగుతుంది. స్పేసరు చూపు కోసం, చక్రాన్ని ఫెండర్ అంచుదాకా తేవడం కోసం అనుకుంటే 12తోనే ఆ పని అయిపోతుంది. ముందు, వెనక ఒకే కొలత వేయండి. వెనక మాత్రమే వెడల్పు చేస్తే కారు మలుపులో ముక్కు తిప్పడానికి బద్ధకిస్తుంది.

ఎత్తు విషయంలో మన రోడ్లను లెక్కలోకి తీసుకోవాలి. గుంటూరు వైపు నేల నల్లరేగడి. తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. దాని మీద వేసిన రోడ్డు కూడా అలలు తిరుగుతుంది. అలాంటిచోట కారు మెల్లగా, లోతుగా ఊగుతుంది, షాక్ ప్రయాణం చాలావరకు ఖర్చవుతుంది. వారధి మీది జాయింట్లు దీనికి పూర్తిగా వేరు. అవి చిన్న, పదునైన దెబ్బలు. ఇక స్పీడ్ బ్రేకర్లు: ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. కాలనీల్లో వేసేవి చాలావరకు అంతకంటే ఇరుకు, నిటారు. 40 మి.మీ. దించితే పైకి కదలడానికి ఉన్న చోటు దాదాపు పోయి, షాక్ అస్తమానం బంప్ స్టాప్ (కదలిక చివర ఆపే రబ్బరు ముక్క) మీదే కూర్చుంటుంది. అప్పుడు స్ప్రింగు పని రబ్బరు ముక్క చేస్తున్నట్టు. ఎంత ఖరీదైన కాయిలోవరైనా అక్కడ ఏమీ చేయలేదు.

కొనేటప్పుడు తేడా చూసుకోండి. బిల్‌స్టైన్ బీ14, కేడబ్ల్యూ వేరియంట్ 1 రకాల్లో ఎత్తు మాత్రమే మారుతుంది. వేరియంట్ 2లో రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగేటప్పటి బిగువు), వేరియంట్ 3లో దాంతో పాటు కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి బిగువు) కూడా సెట్ చేసుకోవచ్చు. మీ అవసరానికి రీబౌండ్ ఒక్కటి మారినా చాలు. కారులో కంపెనీ ఇచ్చిన ఎలక్ట్రానిక్ షాక్‌లు ఉంటే, అవి తీసేశాక డాష్ మీద హెచ్చరిక రాకుండా క్యాన్సిలేషన్ కిట్టో, కోడింగో కావాలి. ఆర్డర్ పెట్టే ముందే అడగండి.

బిగింపులో జాగ్రత్తలు. పాత షాక్‌లు విప్పకముందే, కారు చదునైన నేల మీద ఉండగా, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. తర్వాత దించింది ఎంతో తేల్చేది ఈ కొలతే. షాక్ మీద మరలు లెక్కపెడితే కుదరదు, ఎందుకంటే ఈ కారు వెనక స్ప్రింగు, షాక్ వేర్వేరుగా ఉంటాయి. అక్కడ స్ప్రింగు కింద 10 మి.మీ. తిప్పితే కారు 10 మి.మీ.కి మించే కదులుతుంది. చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై గిలకకూడదు. చక్రాన్ని కారుకు కలిపే ఆర్మ్‌ల రబ్బరు బుష్షుల బోల్టులు కారు జాక్ మీద ఉండగా చివరి బిగింపు బిగించవద్దు. చక్రాలు నేల మీద, అసలు ఎత్తులో ఉన్నప్పుడే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి, త్వరగా చీలుతుంది. కొత్త షాక్‌ల నుంచి కిర్రుమనే చప్పుడు వస్తే మొదట చూడాల్సింది ఇదే.

రుద్దుకుంటుందో లేదో ఊహతో తేల్చకండి. స్ప్రింగు తీసేసి, చక్రం తొడిగి, హబ్ కింద జాక్ పెట్టి బంప్ స్టాప్ తగిలేదాకా లేపండి. ముందు చక్రాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. టైరుకీ ఫెండర్‌కీ, లోపల షాక్ గొట్టానికీ మధ్య చిటికెన వేలు సులువుగా దూరాలి. నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుతో తిరుపతి బయల్దేరిన రోజున ఇది అక్కరకొస్తుంది.

స్పేసరు 5×120 (120 మి.మీ. వలయం మీద ఐదు బోల్టులు), మధ్య రంధ్రం 72.6 మి.మీ., తనకంటూ లిప్ (చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలిపే అంచు) ఉన్నదే తీసుకోండి. ఆటోనగర్ లేత్ పనివాళ్ల చేతిపని గొప్పదే, కానీ సమస్య లోహంతో వస్తుంది. కరిగించి పోసిన అల్యూమినియంతో చేయించినది వద్దు, ఫోర్జ్ చేసినదే వాడండి. బోల్టులు ఎం14×1.25 (14 మి.మీ. మందం, మరకీ మరకీ మధ్య 1.25 మి.మీ.), కోన్ సీటు (శంకువులా వాలుగా కూర్చునే తల). స్పేసరు 12 అయితే బోల్టు కూడా పాతదాని కంటే 12 మి.మీ. పొడవు ఉండాలి. హబ్‌లో కనీసం 9 చుట్లు దిగాలి. హబ్ ముఖం మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకకపోతే స్పేసరు చదునుగా కూర్చోదు, 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. టార్క్ రెంచితో 140 న్యూటన్ మీటర్లకు బిగించి, 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడండి. ఎయిర్ గన్‌తో బిగించి వదిలేయనివ్వకండి.

అలైన్‌మెంటు రెండుసార్లు చేయించాలి. బిగించగానే ఒకటి, 500 కి.మీ. తర్వాత స్ప్రింగులు కూర్చున్నాక ఇంకొకటి. వెనక క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ 2 డిగ్రీలు దాటనివ్వకండి, టైరు లోపలి అంచు అరుగుతుంది. టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే ఆ అంచు ఇంకా వేగంగా అరిగిపోతుంది. హెడ్‌లైట్ లెవెల్ సెన్సారున్న కారైతే దాన్నీ కొత్త ఎత్తుకు సెట్ చేయించండి. లేదంటే వెలుతురు పడాల్సిన చోట పడదు.

రీబౌండ్ సెట్టింగ్‌కి ప్రయోగశాల మీ రోడ్డే. కంపెనీ చెప్పిన మధ్య స్థానంతో మొదలుపెట్టండి. మంగళగిరి దాటాక ఒక ఊపు తర్వాత కారు ఇంకోసారి ఊగితే రెండు క్లిక్కులు బిగించండి. వరసగా గతుకులు వచ్చినచోట కారు మెట్టుమెట్టుగా కుంగి, చివరి గతుకు బండకేసి కొట్టినట్టుంటే రీబౌండ్ ఎక్కువైనట్టు, వదులు చేయండి. ఏటా వానలు తగ్గాక షాక్ మీది మరల్లో చేరిన మట్టి కడిగించండి. రెండేళ్లు పట్టించుకోకపోతే ఎత్తు మార్చే రింగు పట్టేసి తిరగదు.

చట్టం సంగతి చివర్లో చెప్తున్నా, మీరు మాత్రం దీన్నే ముందు చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు కొలతలకు తేడా వచ్చే మార్పులు ఒప్పుకోరు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పని మొదలెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. తీసిన పాత షాక్‌లు, స్ప్రింగులు అమ్మేయకుండా దాచండి.

ఇంకోటి: డిక్కీలో స్టెప్నీ ఉంటే, దాని పక్కనే పాత బోల్టులు ఐదు ఉంచండి. పొడుగు బోల్టులు స్పేసరు లేకుండా స్టెప్నీకి వేస్తే హబ్ వెనక్కి పొడుచుకెళ్లి లోపలి భాగాలను కొడతాయి.