చూడని లోకాలకు బొమ్మలు వేయడం

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్, దెయ్యాల కథలు, మాయాలోకాల కథలు చదివి వాటికి బొమ్మలు వేయడం నాకు అలవాటు. వర్ణనలో ఒక్క వివరం కూడా వదలకుండా వేస్తాను. అయినా, చదువుతున్నప్పుడు ఒళ్లు గగుర్పొడిచిన భూతం కాగితం మీదికి వచ్చేసరికి నవ్వు తెప్పిస్తోంది. లోపం నా గీతలోనే ఉందంటారా?

జవాబు: మీ గీతలో కాదు, ఒక్క వివరం కూడా వదలకూడదన్న మీ పట్టుదలలో ఉందని నాకు అనిపిస్తోంది. కథలో భయం వాక్యం వెంట వాక్యంగా, నెమ్మదిగా వస్తుంది. చదివేవారు తలుపు సందులోంచి కనిపించిన ఒక గోరు గురించి మాత్రమే చదివి, మిగిలిన శరీరాన్ని తమ సొంత భయాలతో తామే పూరించుకుంటారు. బొమ్మలో అలా కాదు. కోరలు, కొమ్ములు, నెత్తురు, ఆరు చేతులు అన్నీ ఒక్క చూపులోనే కనబడిపోతాయి కాబట్టి ఊహించుకోవడానికి ఇక ఏమీ మిగలదు.

ఈ సంగతి రచయిత ఫ్రాంజ్ కాఫ్కాకు బాగా తెలుసు. ఒక ఉదయం నిద్ర లేచేసరికి పురుగుగా మారిపోయిన మనిషి గురించి ఆయన రాసిన కథ 1915లో పుస్తకంగా రాబోతున్నప్పుడు, అట్ట మీద ఆ పురుగును వేస్తారేమోనని ఆయన కంగారుపడి, దాన్ని దూరం నుంచి కూడా చూపించవద్దని ప్రచురణకర్తలకు ఉత్తరం రాశారు. చివరికి చిత్రకారుడు ఒట్టోమార్ స్టార్కె వేసిన ముఖచిత్రంలో పురుగు లేదు. తెరిచి ఉన్న తలుపు, దాని వెనుక చిక్కటి చీకటి, రెండు చేతులతో ముఖం కప్పుకొని అక్కడి నుంచి దూరంగా నడుస్తున్న ఒక మనిషి, అంతే. ఆ గదిలో ఏముందో చూడాలని మనకు అనిపిస్తుంది, చూడటానికి భయమూ వేస్తుంది.

కాబట్టి భూతం కనిపించే ఘట్టాన్ని వదిలేసి, దానికి ముందు క్షణాన్నో తర్వాతి క్షణాన్నో ఎంచుకోండి. బావిలోంచి ఏదో పైకి వస్తుందని కథలో ఉందనుకుందాం. వచ్చేదాన్ని వేయకండి. ఎవరూ పట్టుకోకపోయినా బిగుసుకుపోయిన చేదతాడును, బావి గట్టు మీద ఇంకా ఆరని వేళ్ల గుర్తులను, ఆ గుర్తులు ఉండవలసిన ఐదు కాకుండా ఏడు ఉండటాన్ని వేయండి. తాడు పురిలోని ప్రతి మెలికనూ శ్రద్ధగా గీస్తే ఆ ఏడో వేలి గుర్తును చూసేవారు తప్పకుండా నమ్ముతారు.

ప్రశ్న: ఎవరూ చూడని గ్రహాన్నో, ఎక్కడా లేని జంతువునో వేసేటప్పుడు దేన్ని చూసి వేయాలి? ఊహ ఒక్కటే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఊహ మీద మాత్రమే ఆధారపడితే మనం ఇదివరకు చూసిన బొమ్మలే తిరిగి చేతిలోకి వస్తాయి. లేని జంతువు నిజమైనదిగా కనిపించాలంటే దాని ప్రతి అవయవాన్నీ ఉన్న జంతువు నుంచే తీసుకోవాలని లియొనార్డో డావిన్చి తన నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. డ్రాగన్ వేయాలంటే ఆయన వేటకుక్క తల, పిల్లి కళ్లు, ముళ్లపంది చెవులు, తాబేలు మెడ తీసుకోమంటారు. నా వంతుగా ఒక మాట కలుపుతాను: రెక్క ఎక్కడ అతుక్కుంటుందో ముందు తేల్చుకోండి. గబ్బిలం రెక్క నిజానికి దాని చెయ్యే. సాగిన వేళ్ల మధ్య చర్మం పరుచుకొని ఉంటుంది. ఆ సంగతి గమనించకుండా వీపుకు రెండు రెక్కలు తగిలించిన డ్రాగన్లు ఎగరగలవంటే నాకు నమ్మకం కుదరదు.

గ్రహాల విషయంలో చెస్లీ బోన్‌స్టెల్ పనిని చూడండి. వాస్తుశిల్పం చదివి, సినిమాలకు నేపథ్య దృశ్యాలు వేసిన ఆయన, ఉపగ్రహాల మీద నిలబడితే శనిగ్రహం ఎలా కనిపిస్తుందో చూపే చిత్రాలను 1944లో లైఫ్ పత్రికలో ప్రచురించారు. గ్రహం ఆకాశంలో ఎంత పెద్దగా ఉండాలో ఆయన లెక్క కట్టి మరీ వేశారు. శని ఉపగ్రహమైన టైటాన్ మీది నుంచి మంచు కొండల మధ్య శని కనిపించే చిత్రం వాటన్నిటిలోకీ పేరు పొందింది. టైటాన్‌ను దట్టమైన నారింజ రంగు పొగమంచు కప్పి ఉంటుందని తర్వాత తేలింది. 2005లో అక్కడ దిగిన హైగెన్స్ నౌక పంపిన ఫొటోల్లోనూ శని లేదు. అయినా ఆ చిత్రాన్ని చూస్తే నేను ఇప్పటికీ ఆ కొండల మీదే నిలబడి ఉన్నట్టు ఉంటుంది.

గాలి గురించి కూడా ఆలోచించండి. భూమి మీద దూరపు కొండలు పలచబడి నీలంగా కనిపిస్తాయి, అది గాలి చేసే పని. చంద్రుడి మీద గాలి లేదు కనుక ఎంత దూరపు కొండైనా పక్కనున్న రాయంత స్పష్టంగా ఉంటుంది, అందుకే అక్కడ నడిచిన వ్యోమగాములు దూరాలను అంచనా వేయలేక తికమకపడ్డారు. మీ గ్రహానికి గాలి ఉందో లేదో తేల్చుకున్నాకే రంగులు కలపండి.

ప్రశ్న: పేరున్న కథలకు నేను వేసిన బొమ్మలను అమ్ముకోవచ్చా?

జవాబు: దెయ్యం, రాకెట్, డ్రాగన్ అనే ఊహలు ఎవరి సొత్తూ కావు. ఒక రచయిత సృష్టించిన ప్రత్యేకమైన పాత్రకు మాత్రం కాపీరైట్ ఉంటుంది. కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం అది రచయిత మరణానంతరం కనీసం 50 ఏళ్లు, చాలా దేశాల్లో 70 ఏళ్లు వర్తిస్తుంది. ఆ గడువులో ఉన్న కథ అయితే ముందుగా లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి.

గడువు తీరిన కథల్లోనూ ఒక చిక్కుంది. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ఫ్రాంకెన్‌స్టైన్ నవల ఇప్పుడు అందరిదీ. అయితే అందులో శాస్త్రవేత్త తయారుచేసిన జీవి అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ చదునైన నెత్తి, మెడకు రెండు పక్కలా లోహపు మొలలు నవలలో లేవు, 1931 నాటి సినిమా కోసం మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ రూపొందించినవి. వాటిని వేస్తే మీరు నవలకు కాదు, సినిమాకు బొమ్మ వేసినట్టు. నవలలోని జీవికి ఉన్నవి కింది కండరాలను సరిగా దాచలేని పసుపు చర్మం, నిగనిగలాడే నల్లటి జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు. అందంగా ఉండాలనే ఏరికోరి కూర్చిన ఆ అవయవాలను ఉన్నవి ఉన్నట్టు వేసి చూడండి.