ఎన్నారై సందేహాలు: రెండు జతల హెడ్‌ఫోన్లున్నాయి, మూడోది కొనమంటారా?

ప్రశ్న: అన్నగారూ, 2022లో ఎం.ఎస్. చదవడానికి వచ్చాను. ఇప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. స్టెమ్ ఓపీటీ (చదువు అయ్యాక విద్యార్థి హోదా మీదే ఉద్యోగం చేసుకునే గడువు) నడుస్తోంది. రెండు పడక గదుల అపార్ట్‌మెంటులో నలుగురం ఉంటున్నాం. పాటలంటే నాకు ప్రాణం. పాత తెలుగు పాటలు, కర్ణాటక కచేరీలు, కొత్త సినిమా పాటలు అన్నీ వింటాను. ఆఫీసుకు, ప్రయాణాలకు బయటి మోతను అణిచే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ల జత ఒకటి ఉంది. ఇంట్లో వినడానికి సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఒకటి రెండేళ్ల కిందట వాడినది కొన్నాను. ఈ మధ్య దీంట్లో మృదంగం మోత, డప్పు దెబ్బ చాలడం లేదనిపిస్తోంది. 1,400 డాలర్ల ప్లానార్ రకం జత ఒకటి చూశాను. పన్నెండు నెలల వాయిదాల్లో, వడ్డీ లేకుండా ఇస్తామంటున్నారు. విద్యారుణం ఇంకా 18 లక్షలు ఉంది. కొనమంటారా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివితే కొనడం దాదాపు ఖాయం చేసుకుని, పెద్దవాడెవరైనా ఊఁ అంటే బాగుండునని చూస్తున్నట్టుంది. నేను ఊఁ అనడం లేదు. ఇప్పుడు కొనవద్దు. ఇలా చెప్పే అర్హత నాకు పెద్దగా లేదని మా ఆవిడ అంటుంది. నేను ఈ దేశం వచ్చి పాతికేళ్లు దాటింది. ఇంతవరకు ఆరు జతలు కొన్నాను. ఒకటి సగం ధరకు అమ్ముకున్నాను, ఒకటి విరగ్గొట్టుకున్నాను, రెండు దానం చేశాను. రోజూ పెట్టుకునేది మాత్రం అన్నిటికన్నా పాతది. నాలుగో జత ఇంటికి వచ్చిన రోజు ఆవిడ అడిగిన ప్రశ్న, "మీకు ఎన్ని చెవులు?" అని.

ముందు ఒక పని చెయ్యి. నీ 600ను చేతిలోకి తీసుకుని ఇయర్ ప్యాడ్లు చూడు. వాడినది కొన్నావు, రెండేళ్లు నువ్వూ వాడావు. ఆ ప్యాడ్లు ఎన్నేళ్లవో నీకు తెలుసా? కొత్తప్పుడు అవి మెత్తటి దిండులా ఉబ్బి ఉంటాయి. చెమటకు, తల ఒత్తిడికి రెండు మూడేళ్లలో అప్పడంలా అణగిపోతాయి. అప్పుడు చెవి లోపలి స్పాంజికి తగులుతుంది, చెవికీ డ్రైవరుకూ (శబ్దం పుట్టించే భాగం) మధ్య దూరం తగ్గుతుంది, ప్యాడు తలకు సరిగా ఆనదు, స్వరాల పాళ్లు మారిపోతాయి. ఇది నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనకు తెలియదు. హెడ్‌ఫోను పాతబడిందని గాని, మన అభిరుచి ఎదిగిందని గాని అనుకుంటాం. రెండోది అనుకోవడమే మనకు ఎక్కువ ఇష్టం. హెచ్‌డీ 600 వచ్చింది 1997లో. దాని ప్యాడ్లు, వైరు, తలమీది మెత్త అన్నీ ఇప్పటికీ విడిగా దొరుకుతాయి. విప్పడానికి పనిముట్లు కూడా అక్కరలేదు. కొన్ని పదుల డాలర్లతో అయిపోతుంది. నా ఆరింటిలో కనీసం రెండు, ప్యాడ్లు మార్చాల్సిన చోట కొన్నవే. ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక మృదంగం సంగతి. నీ చెవి తప్పు చెప్పడం లేదు. 600 వెనుక భాగం జాలీలా తెరిచి ఉంటుంది, అందుకే గాలి ఆడినట్టు, గది ఉన్నట్టు వినిపిస్తుంది. అయితే సుమారు 100 హెర్ట్జ్ కింద బేస్, అంటే అడుగు స్వరాల మోత, క్రమంగా జారిపోతుంది. ప్లానార్ పనితీరు వేరు. మామూలు హెడ్‌ఫోనులో చిన్న పొర వెనుక తీగచుట్ట ఉండి దాన్ని తోస్తుంది. ప్లానార్‌లో పలుచటి పొర మీదే తీగ పరిచి, ఆ పొరను అయస్కాంతాల సరసన బిగిస్తారు. పొర అంతా ఒకేసారి కదులుతుంది. అందువల్ల బాగా చేసిన ప్లానార్‌లో అట్టడుగు బేస్ నిటారుగా నిలబడుతుంది. ఆ తేడా నిజమే, నేనూ విన్నాను, ముచ్చటపడ్డాను. కానీ ఆ తేడాలో చాలా భాగం నీకు ఉచితంగా వస్తుంది. విండోస్ కంప్యూటర్ ఉంటే ఈక్వలైజర్ ఏపీఓ అనే, స్వరాల పాళ్లను పెంచి తగ్గించే ఉచిత ప్రోగ్రాము వేసుకో. 100 హెర్ట్జ్ కింద నాలుగైదు డెసిబెళ్లు పెంచు, మొత్తం శబ్దాన్ని అంతే తగ్గించు, లేకపోతే పెద్ద మోతల దగ్గర శబ్దం పగులుతుంది. వారం రోజులు అలాగే విను. ఈక్వలైజర్ వాడడం అపచారమని కొందరు అంటారు. ఆ పాటను రికార్డు చేసిన ఇంజినీరు ఒక్కో వాద్యానికి దాన్ని ఎన్నిసార్లు వాడి ఉంటాడో వాళ్లు ఆలోచించరు. మరీ ఎక్కువ పెంచితే మాత్రం 600 తట్టుకోలేదు, ఆ చోట ప్లానార్‌దే పైచేయి. ఆ హద్దు దాకా వెళ్లి, ఇంకా చాలడం లేదని తేలితే అప్పుడు మాట్లాడుకుందాం.

బేస్ చాలడం లేదని శబ్దం పెంచే అలవాటు నీకుంటే ఈ రోజే మానెయ్యి. అమెరికాలో పని చేసే చోట్ల శబ్దానికి నియోష్ సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెళ్లు, ఎనిమిది గంటలు. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెళ్లకూ సమయం సగం అవుతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 94 దగ్గర ఒక్క గంట. పోయిన వినికిడి ఏ ధరకూ తిరిగి రాదు.

ధర ఎక్కువైతే ధ్వని బాగుంటుందనే నమ్మకం మనలో చాలామందికి ఉంటుంది. బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 2017లో 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించి, ఫ్రీక్వెన్సీ రెస్పాన్సుకూ (ఏ స్వరం ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత) ధరకూ సంబంధం కనబడలేదని ప్రచురించాడు. ఖరీదైనవన్నీ మోసమని దీనికి అర్థం చెప్పకు. పనితనం, సౌకర్యం, మన్నిక వేరే సంగతులు. 1,400 చూసి, 300 దానికన్నా నాలుగున్నర రెట్లు బాగుంటుందని లెక్క వేయవద్దంటున్నాను. దుకాణంలో రెండు జతలు పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉందో లేదో చూసుకో. కాస్త బిగ్గరగా మోగేదే మన చెవికి మంచిదిగా తోస్తుంది. ఆ మాయలో పడి నేను ఒక జత కొన్నాను. పేరు చెప్పను, తప్పు దానిది కాదు.

నువ్వు వినేవాటిలో పాత తెలుగు పాటలు ముందు రాశావు, అందుకే ఇది చెప్పాలి. ఘంటసాల పాటల్లో మనకు దొరికేవి చాలావరకు మోనో. రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్తుంది, గాయకుడు తల మధ్యలో నిలబడతాడు. ఖరీదైన హెడ్‌ఫోను గురించి ఊరించి చెప్పే ఆ విశాలమైన వేదిక, వీణ ఎడమన, వేణువు కుడిన అన్న ముచ్చట అక్కడ మొదలే కాదు. పైగా ఎవరో రేడియోలోంచి క్యాసెట్టులోకి ఎక్కించి, క్యాసెట్టులోంచి యూట్యూబులోకి పెట్టిన పాట అయితే టేపు బుస, గీతల చిటపటలు కొత్త జతలో మరింత స్పష్టంగా వినబడతాయి. విజయవాడ కేంద్రం భక్తిరంజని రికార్డింగు ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని నా అత్యంత ఖరీదైన జతలో పెట్టి వింటే గాయని కన్నా ఆవిడ వెనక తిరుగుతున్న ఫ్యాను బాగా వినిపించింది. ఆ పాటలకు నీ 600 ఇప్పటికే ఎక్కువ. ఆ డబ్బులో ఇరవయ్యో వంతు పెట్టి, శుభ్రంగా మళ్లీ ఎక్కించిన సీడీలు కొనుక్కుంటే అసలు తేడా తెలుస్తుంది. కచేరీలకు మంచి జత ఉపయోగపడుతుంది, కాదనను. తంబురా శ్రుతి ఊపిరిలా ఆగకుండా సాగడం, వయొలిన్ కమాను మలుపు తిరిగేటప్పటి చిన్న గరుకు, ఇవి వినబడడం సుఖం. ఇవి 600లోనూ వినబడతాయి.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంటు సంగతి. నలుగురున్న ఇంట్లో తెరిచిన వెనుక ఉన్న జత ఒకటి వాడుతున్నావు, రెండోదీ అలాంటిదే చూశావు. ప్లానార్లలో ఎక్కువ భాగం అటువంటివే. నీ పాట పక్క మంచం మీదివాడికి వినబడుతుంది, వాడు ఊళ్లో అమ్మతో మాట్లాడే ఫోను నీకు వినబడుతుంది. వంటింట్లో మిక్సీ సంగతి చెప్పనే అక్కరలేదు. రాత్రి పన్నెండింటికి అందరూ పడుకున్నాక వినడమే మిగులుతుంది. మర్నాడు తొమ్మిదింటికి మీటింగు. 1,400 డాలర్లను వారానికి రెండు గంటల నిశ్శబ్దంతో భాగించి చూడు. బరువు కూడా చూసుకో. నీ 600 పావు కిలో పైచిలుకు. పెద్ద ప్లానార్లు అర కిలో ఉంటాయి, కొన్ని దాటుతాయి. గంట దాటాక మెడ చెబుతుంది.

డబ్బు మాట చివరకు ఉంచాను, నీ వయసులో నేను దాన్ని వినేవాణ్ణి కాదు కాబట్టి. టెక్సస్‌లో పన్ను 8.25 శాతం కలిపితే 1,400 కాస్తా 1,515 అవుతుంది. లక్షా ముప్పై వేల రూపాయల పైమాటే. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూడడం మొదటి ఆరు నెలల జబ్బు అని మా పాతకాపులు వేళాకోళం చేస్తారు. విద్యారుణం తీరేదాకా ఆ జబ్బు నయం కాకపోవడమే మంచిది. నీ రుణం మీద వడ్డీ 11 శాతం అనుకుంటే, ఆ లక్షా ముప్పై వేలు అసలుకు కట్టినందుకు ఏడాదికి పద్నాలుగు వేల పైచిలుకు మిగులుతుంది.

దానికన్నా ముఖ్యం, నువ్వు స్టెమ్ ఓపీటీ మీద ఉన్నావు. మొదటి ఏడాదితో కలిపి ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 150 రోజులు. రేపు హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చినా, ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువే. ఆ వీసాకు మార్చిలో లాటరీ, ఎంపికైతే అక్టోబరు 1 నుంచి కొత్త హోదా. ఈలోగా మీ కంపెనీ మనసు మార్చుకుంటే నీకు కావలసింది ఆరు నెలల అద్దె, విమానం టిక్కెట్టు. అవి బ్యాంకులో ఉన్నాయా? ఉంటే ఈ పేరా కొట్టేసుకో.

వాయిదాలు కట్టేటప్పుడు చిన్న అక్షరాలు చదువు. వడ్డీ లేదన్న వాయిదాల్లో రెండు రకాలుంటాయి. ఒకదాంట్లో నిజంగానే వడ్డీ ఉండదు. రెండోదాంట్లో, ముఖ్యంగా దుకాణాల క్రెడిట్ కార్డుల్లో, వడ్డీని దాచిపెడతారు. పన్నెండో నెలాఖరుకు పది డాలర్లు బాకీ ఉన్నా మొదటి రోజు నుంచి లెక్కగట్టిన వడ్డీ అంతా ఒక్కసారి మీద పడుతుంది. ఆ వడ్డీ 20 శాతం దాటే ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో సోఫా ఒకటి అలా కొన్నాను. సోఫా ఎప్పుడో పోయింది, ఆ బిల్లు రంగు కూడా గుర్తుంది.

ఎప్పుడో ఒకప్పుడు కొంటావు, నాకు తెలుసు. అప్పుడు కొత్తది కొనకు, వాడినది కొను. ఈ వస్తువులు పెట్టె విప్పిన రోజే చాలా విలువ పోగొట్టుకుంటాయి, తరువాత నెమ్మదిగా తగ్గుతాయి. నచ్చకపోతే కొన్న ధరకు దగ్గరలో అమ్ముకోవచ్చు. కొత్తదే కావాలంటే తిరిగి తీసుకునే గడువు, అందులో కోత ఉందా అన్నది ముందే అడుగు. న్యూయార్కు, దక్షిణ కాలిఫోర్నియా వంటి చోట్ల క్యాన్‌జామ్ అనే ప్రదర్శన పెడతారు, టిక్కెట్టు కొని వెళ్తే పదుల జతలు తలకు పెట్టి చూడవచ్చు. నీ పాటలు నీ ఫోనులో పట్టుకుని వెళ్లు. వాళ్లు వినిపించే పాటలు వాళ్ల జతలకు నప్పేవే ఉంటాయి.

ఇంకొకటి. పాత జతను, ఆంప్లిఫయర్ను ఇండియా పంపుదామనుకుంటావేమో. హెడ్‌ఫోనుకు ఇబ్బంది లేదు. ఆంప్లిఫయర్ వెనుక ఏం రాసి ఉందో చూడు. 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉంటే పంపు. 120 అని మాత్రమే ఉంటే పంపకు. గుంటూరులో మా బావమరిదికి ఒకటి ముచ్చటపడి ఇచ్చాను. ఫోను ఛార్జర్లు రెండు చోట్లా పనిచేస్తాయి కదా, ఇదీ అంతే అనుకున్నాడు. ప్లగ్గు పిన్నులు మార్చే అడాప్టర్ కొన్నాడు. అది పిన్నుల ఆకారం మారుస్తుంది గాని 230 వోల్టులను మార్చదు. పాట మొదలు కాకముందే పొగ వచ్చింది. ఇప్పటికీ పండక్కి వెళ్తే, "బావా, ఈసారి ఏం తెచ్చావు, కాల్చడానికి?" అంటాడు.

ఇక నీకు నేను చేయగలిగింది. నేను ఉండేది ప్లేనోలో, మీ ఇర్వింగ్‌కు అరగంట పైన దూరం. నా దగ్గర ప్లానార్ జత ఒకటి అల్మరాలో పడి ఉంది, అర కిలో బరువుది, ఏడాదిలో నాలుగుసార్లు పెట్టుకుంటాను. ప్యాడ్లు మార్చి, ఈక్వలైజర్ సరిచేసి, వారం విన్నాక ఒక ఆదివారం రా. ఆ జత తీసుకెళ్లి రెండు వారాలు ఉంచుకో. మీ ఇంట్లో, మీ మిక్సీ మోతలో, నీ పాటలతోనే విను. నీ 600 మాత్రం ఆ రెండు వారాలూ నా దగ్గర వదిలివెళ్లాలి. ఏ జతను ముందు తిరిగి అడుగుతావో నాకు చూడాలని ఉంది. పది దాటాక రా, ఉదయం పూట ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బుతూ ఉంటారు, ఏదీ వినబడదు.