అనుమానంగా వినిపించినా బటన్ నొక్కాలా? రెండు వినికిడి పరీక్షలు, రెండు ఫలితాలు

ప్రశ్న: నా వయసు 56. నలుగురు ఒకేసారి మాట్లాడుతున్న చోట మాటలు సరిగా అందడం లేదని వినికిడి పరీక్ష చేయించుకున్నాను. బీప్ వినిపించినట్టు అనుమానం వచ్చినా బటన్ నొక్కమన్నారు. రెండు చెవుల్లోనూ సగటు 25 డెసిబెల్స్ వచ్చింది. మూడు వారాల తర్వాత వేరేచోట చేయిస్తే, కచ్చితంగా వినిపిస్తేనే నొక్కమన్నారు. ఈసారి 35 వచ్చింది. ఎడమ చెవిలో కొన్నేళ్లుగా సన్నటి హోరు కూడా ఉంది. మూడు వారాల్లో వినికిడి ఇంత తగ్గిపోయిందా? లేక మొదటిసారి ఊహించి నొక్కి నేనే పరీక్షను పాడు చేశానా? హియరింగ్ ఎయిడ్ విషయం తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండు చోట్లా మీకు ఏం చెప్పి కూర్చోబెట్టారో రాశారు, మంచిపని చేశారు. రిపోర్టులో ఆ మాట ఎక్కడా ఉండదు. మీ విషయంలో తేడా చాలావరకు అక్కడే ఉందని నా అంచనా.

పరీక్ష గది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా మన లోపల నిశ్శబ్దం ఉండదు. ఊపిరి చప్పుడు, రక్తం పారే చప్పుడు, ఏ శబ్దమూ లేనప్పుడు కూడా వినికిడి నరం పంపుతూనే ఉండే సంకేతాలు. మీకైతే వీటికి తోడు హోరు. బీప్‌ను తగ్గించుకుంటూ పోతే ఒక దశలో అది ఈ సందడిలో కలిసిపోతుంది. అక్కడ వినిపించింది, వినిపించలేదు అని గీత గీయడం కుదరదు. చెవి అందించిన అరకొర సమాచారంతో మెదడు ‘ఇది బీపే అయ్యుంటుంది’ అనో ‘కాదులే’ అనో తీర్పు చెప్పేస్తుంది. ఆ తీర్పుకు ఎంత నమ్మకం చాలు అన్నది చెవి చేతిలో లేదు. ‘అనుమానం వచ్చినా నొక్కండి’ అంటే కొంచెం నమ్మకం చాలు. ‘కచ్చితంగా వినిపిస్తేనే’ అంటే అదే చెవి, అదే బీప్, కానీ వేలు కదలదు.

మీ రిపోర్టులోని వినికిడి గ్రాఫ్, అంటే ఆడియోగ్రామ్‌లో ఒక స్వరానికి 25 అని ఉంటే, ఆ స్థాయి శబ్దాన్ని పలుమార్లు వినిపించినప్పుడు కనీసం సగం సార్లు మీరు బటన్ నొక్కారని అర్థం, అంతే. మీరు నొక్కితే 10 డెసిబెల్స్ తగ్గిస్తారు, నొక్కకపోతే 5 పెంచుతారు. మెట్టే 5 కాబట్టి ఒకసారికీ ఇంకోసారికీ 5 తేడా రావడం మామూలే. 10 వస్తే మాత్రం కారణం వెతుకుతాం. పైగా మీ 10 మీ లోపం పేరునే మార్చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 నుంచి 35 లోపు స్వల్ప లోపం, 35 నుంచి 50 లోపు మధ్యస్థ లోపం.

ఈ చిక్కు మొదట బాగా తెలిసింది చెవి డాక్టర్లకు కాదు, రాడార్ వాళ్లకు. తెర మీది చుక్క విమానమా, ఉత్త అలజడా? ప్రతి చుక్కకూ సైరన్ మోగిస్తే తప్పుడు హెచ్చరికలు పెరుగుతాయి, మోగించకపోతే అసలు విమానం తప్పిపోతుంది. ఈ రెండు తప్పులనూ కలిపి లెక్కగట్టే గణితాన్ని 1954లో మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టానర్, స్వెట్స్ మనిషి చూపుకు అన్వయించారు. తర్వాత అది వినికిడికీ వచ్చింది.

ఒక ఉదాహరణ అనుకుందాం. 50 సార్లు సన్నటి బీప్, మధ్యమధ్య 50 సార్లు ఉత్త నిశ్శబ్దం. ఒకాయన 45 బీప్‌లు పట్టుకున్నాడు, కానీ నిశ్శబ్దంలో కూడా 25 సార్లు నొక్కాడు. ఇంకొకాయన 30 బీప్‌లే పట్టుకున్నాడు, నిశ్శబ్దంలో నొక్కింది 8 సార్లే. మొదటాయన చెవి చురుకని తోస్తుంది కదా? లెక్క కట్టి చూస్తే ఇద్దరి వినికిడీ ఇంచుమించు సమానం. ఒకరిది తొందర చెయ్యి, ఇంకొకరిది జంకే చెయ్యి.

అందుకే మీరు మోసం చేశానని బాధపడకండి. నిజానికి ఎంత చిన్నగా వినిపించినా నొక్కమనడమే సరైన పద్ధతి. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామంది, తప్పు నొక్కితే పరువు పోతుందన్నట్టు బిగుసుకుని కూర్చుంటారు. మొదటి రిపోర్టే నిజానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తోంది, కానీ ఒక షరతు. నిశ్శబ్దంలో మీరు ఎన్నిసార్లు నొక్కారన్నది తెలియాలి. హోరును బీప్ అనుకుని నొక్కడం చాలా మామూలు. అందుకే ఆగి ఆగి వచ్చే బీప్ పెట్టమని అడగండి, హోరు నుంచి దాన్ని విడదీయడం తేలిక.

మూడోసారి చేయించుకోండి. ముందు చెవిలో గులిమి ఉందేమో చూపించుకోండి, ముందురోజు పెద్ద శబ్దాలకు దూరంగా ఉండండి. ఈసారి మాటలతో చేసే పరీక్ష కూడా అడగండి. మీరు తిరిగి పలకగలిగిన మాటల స్థాయి, బీప్‌ల సగటు దగ్గరదగ్గరగా ఉండాలి. బాగా తేడా ఉంటే బటన్ దగ్గరే ఏదో తేడా జరిగిందని తెలుస్తుంది. అప్పటికీ తేలకపోతే ఓఏఈ, బెరా పరీక్షలున్నాయి. వాటిలో మీరు ఏమీ చెప్పక్కర్లేదు, లోపలి చెవి, నరం ఇచ్చే స్పందనను యంత్రమే నమోదు చేస్తుంది.

హియరింగ్ ఎయిడ్ గురించి. 25, 35 అనే అంకెల మీద ఆ నిర్ణయం వదిలేయకండి. మీ ఇబ్బంది నలుగురు మాట్లాడే చోట. నిశ్శబ్ద గదిలో వినే బీప్ దాన్ని కొలవదు. సందడి మధ్య మాటలు వినిపించి చేసే పరీక్ష వేరే ఉంది, మీకు అదే అసలైనది. అందులో ఇబ్బంది తేలితే సగటు 25 ఉన్నా కొన్నాళ్లు ఎయిడ్ పెట్టుకుని చూడటం సబబే. కొనేముందు ట్రయల్ అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఆగి చూద్దామనే ధోరణి వద్దు. గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయితే అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి, ఆలస్యమైతే చికిత్స ఫలించే అవకాశం తగ్గుతుంది. మీ హోరు ఒక్క ఎడమ చెవిలోనే ఉంది కాబట్టి, తొందరేమీ లేకపోయినా, ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. మూడో పరీక్షకు పాత రిపోర్టులు రెండూ పట్టుకెళ్లి, ఏది ఏ సూచనతో చేశారో వాటి మీద పెన్నుతో రాసి ఆడియాలజిస్ట్‌కు ఇవ్వండి.