ఆ కబురు మీరు మోయకండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, బ్యాంకులో పని చేస్తాను. సికింద్రాబాద్‌లో మామయ్యగారి ఇంట్లోనే ఉంటున్నాం. ఆయనకు 72. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి చార్జ్‌మన్‌గా రిటైరయ్యారు. ఆయన తండ్రి మారేడుపల్లిలో ఒక ప్లీడరు గారి దగ్గర డ్రైవరు. ఆ ప్లీడరు గారి 1952 ఎంజీ టీడీ, రెండు సీట్ల ఓపెన్ కారు, ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉంటే వాళ్ల మనవలు నాలుగేళ్ల కిందట నాలుగు లక్షలకు మామయ్యగారికి ఇచ్చేశారు. ఆ తర్వాత ఇంకో పదకొండు లక్షలయ్యాయి. బండి ఇంకా రోడ్డెక్కలేదు.

బాడీ లోపలంతా చెక్క ఫ్రేమే, చెదలు తినేశాయి. టేకుతో కొత్తగా చేయిస్తే ఒక పక్క తలుపు పడుతుంది, రెండో పక్క వేలు దూరేంత సందు. వైరింగు చేయడానికి వచ్చిన కుర్రాడు అన్ని బళ్లలాగే బ్యాటరీ మైనస్‌ను బాడీకి కలిపాడు. ఈ కారుకు ప్లస్సే బాడీకి వెళ్లాలట. రెగ్యులేటరు కాలిపోయింది. ఇంగ్లండ్ నుంచి పార్టు తెప్పిస్తే కొరియరు, కస్టమ్స్ కలిపి ధర రెట్టింపు. ఇంజను ఒకసారి బాగు చేసి ఎక్కించారు, తిరిగింది కూడా. వారం తిరక్కుండా వెనక నుంచి ఆయిల్ కారడం మొదలై మళ్లీ దించారు.

మావారు భరించలేకపోతున్నారు. ‘ఆ డబ్బుతో పైన ఇంకో అంతస్తు వేసుకునేవాళ్లం, కారు అమ్మేయమని నాన్నకు చెప్పు, నువ్వు చెబితే వింటాడు’ అంటారు. మామయ్యగారేమో ‘మీ ఆయన్ను అడుగమ్మా, ఆదివారం ఇంజను ఎక్కించేటప్పుడు చైన్ పుల్లీకి ఇద్దరు మనుషులు కావాలి’ అంటారు. అత్తమ్మ పోయి ఐదేళ్లు. అప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్యా మాటలు తగ్గాయి. మామయ్యగారి మనసు నొప్పించకుండా కారు అమ్మేయమని ఎలా చెప్పాలో తెలియజేయగలరు.
– ఒక సోదరి, సికింద్రాబాద్

జవాబు: మీరు ఆరు పేజీలు రాశారు. ఇక్కడ కుదించి వేశాం. నాలుగున్నర పేజీలు కారు, ఒక పేజీ మీవారి కోపం. అత్తమ్మగారి గురించి ఒకే ఒక్క వాక్యం. నాకు అక్కడి నుంచి ముందుకు చదవబుద్ధి కాలేదు.

అడిగిన దానికి ముందు జవాబు చెప్పేస్తాను. కారు అమ్మేయమని ఎలా చెప్పాలి? చెప్పకండి. అది ఆయన పీఎఫ్, ఆయన గ్రాట్యుటీ. మీ దగ్గర రూపాయి అడగలేదని, పెన్షన్‌లోంచి ఇంటి ఖర్చుకు నెలనెలా ఇస్తూనే ఉన్నారని మీరే రాశారు. ఆయన ఇంట్లో మీరు ఉంటున్నారు, మీ ఇంట్లో ఆయన కాదు. పైగా విప్పి డబ్బాల్లో సర్దిన కారును ఇప్పుడు అమ్మకానికి పెడితే వచ్చినవాడు ఇంకా ఎంత పని మిగిలిందో చూసి ధర కడతాడు. నాలుగేళ్ల కష్టానికి కట్టడు. ‘బాగయినా ఆఫీసుకు వేసుకెళ్లడానికి లేదు’ అన్న మీవారి మాట మాత్రం నిజమే. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వింటేజ్ బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదు. పాత నంబరు ఉంటే అదే ఉంచుకోవచ్చు, కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించాలంటే 20 వేల ఫీజు, పదేళ్ల గడువు. అయితే మామయ్యగారు దాన్ని ఆఫీసుకు వెళ్లడానికి బాగుచేయడం లేదు కదా. తండ్రి ఆ కారు తుడుస్తుంటే పక్కన బకెట్టు పట్టుకుని నిలబడిన పిల్లవాడాయన.

ఇక అసలు సంగతి. ‘అత్తమ్మ పోయాక మాటలు తగ్గాయి’ అన్నారు. నాకలా అనిపించడం లేదు. అత్తమ్మ ఉన్నప్పుడు మాత్రం వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ‘వాడికి చెప్పు’, ‘నాన్నను అడుగు’. ఏళ్ల తరబడి ఆవిడ వంటింటికీ వరండాకీ మధ్య ఆ కబుర్లు మోసింది. ఆవిడ పోయాక ఆ ఉద్యోగం ఖాళీ అయింది. మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా అందులో కూర్చోబెట్టారు. బ్యాంకు పని, వంట పని, పిల్లవాడి చదువు అయ్యాక ఇది మీ నాలుగో డ్యూటీ.

ఈ డ్యూటీ నాకు బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో మా మామగారు వరండాలో పడక్కుర్చీలో, మా ఆయన లోపలి గదిలో. మధ్యలో పన్నెండడుగుల హాలు. ‘కరెంటు బిల్లు కట్టాడేమో కనుక్కోమ్మా’ అని ఈయన. ‘కట్టానని చెప్పు, రోజూ అడగొద్దని కూడా చెప్పు’ అని ఆయన. నేను రెండో ముక్క మింగేసి మొదటి ముక్క మాత్రం చెప్పేదాన్ని. ఇంటి మంచి కోసమే అనుకున్నాను. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. మామగారు పోయిన రాత్రి మా ఆయన నన్ను అడిగాడు, ‘నా గురించి నాన్న నీతో ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?’ అని. నా దగ్గర నేను దిద్ది చెప్పిన మాటలే మిగిలాయి. మామగారు అసలు ఏమన్నారో నాకే గుర్తు లేదు. ఆ రాత్రి మా ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు. మీకు ఇంత గట్టిగా రాస్తున్నది అందుకే.

మీ ఉత్తరంలో ఇంకో సంగతి మీరు గమనించుకున్నట్టు లేదు. ఆ కారు గురించి మీకు ఎంత తెలుసో! ఆ ఇంజనుకు మర మిల్లీమీటర్లలో, బోల్టు తల మాత్రం ఇంగ్లీషు పానా కొలతలో ఉంటుందని రాశారు. ఫ్రాన్సు కంపెనీ కోవెంట్రీలో పెట్టిన ఫ్యాక్టరీని, ఈ ఇంజన్లు తయారుచేసిన మోరిస్ వాళ్లు 1923లో కొనేసి, ఆ మెషీన్ల కొలతలనే ఉంచేసుకున్నారని మామయ్యగారు చెప్పారట. ఇప్పుడు బజార్లో దొరికే ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు మర చుట్ల మధ్య దూరం ఒకటింపావు మిల్లీమీటరు, దీనికి కావలసింది ఒకటి. తెలియక కొత్త బోల్టు బిగిస్తే రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, బలవంతం చేస్తే లోపలి మర పోతుంది. రాణీగంజ్‌లో తొమ్మిది దుకాణాలు తిరిగి, దొరక్క, చివరికి లేత్ మీద ఒక్కొక్కటీ కోయించుకొచ్చారు ఆయన. ఆ బోల్టులు మీరు కాఫీ పొడి డబ్బాలో వేసి మీద చీటీ అంటించారు. ఆయిల్ ఎందుకు కారుతోందో కూడా రాశారు. వెనక రబ్బరు సీలు ఉండదట, షాఫ్టు మీద చెక్కిన గాడి తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి నెట్టడమేనట. ఆ సందు కాస్త ఎక్కువైనా కారుతుంది. ఇదంతా కొడుకుకు తెలుసా?

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఆ రబ్బరు గొట్టం. ఇంజను తిరిగిన ఆ వారంలో పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే రెండు కార్బరేటర్లనూ సమం చేయాల్సి వచ్చింది. గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ముందు ఒక కార్బరేటరు నోటి దగ్గర, తర్వాత రెండోదాని దగ్గర. రెండూ ఒకే శ్రుతిలో బుసకొట్టాలి. వర్క్‌షాపు చప్పుళ్లతో మామయ్యగారి ఎడమ చెవి మందగించింది, కుడిచెవి మీదా నమ్మకం లేదు. ‘నువ్వు విని చెప్పమ్మా’ అంటే, మీరు ఆఫీసుకు కట్టుకున్న చీర కుచ్చిళ్లు దోపుకుని వంగి విన్నారు. ‘వెనకది కాస్త గట్టిగా ఉంది మామయ్యా’ అన్నారు. ఆయన స్క్రూ పావు చుట్టు తిప్పారు.

మీకు ఆ పని ఇష్టమని ప్రతి అక్షరంలో తెలుస్తోంది, మానమని అనను. కానీ ఆ గొట్టం కొస దగ్గర ఉండాల్సిన చెవి కొడుకుది.

మీవారిని నేను చెడ్డవాడనడం లేదు. పాతికేళ్లుగా నాన్నతో నేరుగా మాట్లాడటం అలవాటు లేని మనిషి. ఇప్పుడు మొదలుపెడితే మొదటి వాక్యమే అమ్మ గురించి అవుతుందేమోనని భయం కావచ్చు. అమ్మ పోయిన ఏడాదికే నాన్న ఆ తుప్పు బండిని ఇంటికి తెచ్చాడు. వేసుకోని పై అంతస్తు కన్నా ఆయనకు అదే ఎక్కువ గుచ్చుకుంటోందని నా నమ్మకం. ఆ మాట నాన్నను అడగాలి. భార్య చేత అడిగించకూడదు. కొడుకు బాధ్యత అంటే మందులు తెచ్చిపెట్టడం, ఇన్సూరెన్స్ కట్టడం ఒక్కటే కాదని నేను గట్టిగా నమ్ముతాను. తండ్రి ముందు నిలబడి పోట్లాడాల్సి వచ్చినా పోట్లాడాలి. అది కూడా బాధ్యతే. మామయ్యగారికీ ఇదే వర్తిస్తుంది. కొడుకు సాయం కావాలంటే కొడుకు గది తలుపు తట్టాలి. కోడలు మంచిది కదా అని ఆమె మీద వేయకూడదు.

ఈ రాత్రి మీవారితో ఒక్క మాట అనండి. ‘ఇక మీద నాన్నకు చెప్పాల్సింది మీరే చెప్పండి, నేను మోయను.’ కారణాలు వివరించకండి. రేపు పొద్దున మామయ్యగారికి కాఫీ ఇస్తూ ఇదే మాట. కొన్నాళ్లు ఇల్లు మూగబోతుంది. బిల్లు కట్టడం ఆగుతుంది, బిగించాల్సిన పార్టు మూల పడి ఉంటుంది. మీకు చెయ్యి దురద పెడుతుంది. మధ్యలో దూరకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు, అది కబురు కాదు కాబట్టి మీరే నేరుగా చెప్పండి. కారును ఇటుకల మీద నిలబెట్టి ఆయన కిందకు దూరుతున్నారని రాశారు. ఇటుక ఉన్నట్టుండి పగులుతుంది, జాకీ జారుతుంది. వర్క్‌షాపులో పనిచేసిన మనిషికి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఇంట్లో ఉన్నాం కదా అని ఏమరుపాటు. ఇనప స్టాండ్లు నాలుగు కొనిపించండి. పాత బ్రేకు లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్మును నోటితో ఊదొద్దని చెప్పండి. తడిగుడ్డతో తుడవాలి. బాబును అటు రానివ్వకండి.

ఆదివారం ఇంజను ఎక్కించాలి, ఇద్దరు మనుషులు కావాలి అన్నారు కదా. మీరు ఆ ఇద్దరిలో ఒకరు కాకండి. బయట నుంచి మనిషిని మాట్లాడి పెట్టకండి కూడా. బాబును తీసుకుని పొద్దున్నే పుట్టింటికి వెళ్లండి. చీటీ అంటించిన బోల్టుల డబ్బా, ఆ రబ్బరు గొట్టం మీవారికి కనబడేలా డైనింగ్ టేబుల్ మీద పెట్టి వెళ్లండి. సాయంత్రం దాకా ఫోన్ చేయకండి.