కొత్త బోరు నీళ్లు తాగే ముందు

చిరంజీవి రవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కొత్త బోరులో నీళ్లు బాగా పడ్డాయని, తేటగా, తియ్యగా ఉన్నాయని రాశావు. చాలా సంతోషం నాన్నా. అయితే ఆ నీళ్లు పిల్లలకు పట్టే ముందు ఒకసారి పరీక్ష చేయించు. ఎలా చేయించాలో కూడా చెబుతాను. ఇన్నేళ్లు నీళ్ల ల్యాబ్‌లో పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ల్యాబ్ మనం అడిగినదాన్నే చూస్తుంది. అడగనిది నీళ్లలో ఎంత ఉన్నా రిపోర్టులోకి రాదు.

"పరీక్ష చేయించాం, అంతా బాగానే ఉంది" అనేవాళ్లను ఏమేం చూశారని అడిగి చూడు. బ్యాక్టీరియా, పీహెచ్, హార్డ్‌నెస్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు మొత్తం ఎంత అనేది) అంటారు. అవీ చూడాల్సినవే. కానీ నేలలోంచి, రాతిలోంచి నీళ్లలోకి దిగే ఆర్సెనిక్, యురేనియం, మాంగనీస్ లాంటివి మామూలు ప్యాకేజీలో చాలాసార్లు ఉండవు. ఫ్లోరైడ్‌ కూడా ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఒక్కోదాన్నీ పేరు పెట్టి అడుగు, కాగితం మీద రాసివ్వు. గ్రానైట్ లాంటి గట్టి రాతి నేలల్లో ఫ్లోరైడ్, యురేనియం, రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు భయం ఎక్కువ. నదులు మోసుకొచ్చిన ఒండ్రు నేలల్లో ఆర్సెనిక్, మాంగనీస్. నీ నేల ఏదైనా సరే, మొదటిసారి అన్నీ చూపించు. నైట్రేట్ ఎక్కువగా ఎరువుల నుంచి, మరుగుదొడ్ల గుంటల నుంచి వస్తుంది, అయినా దాన్నీ కలుపు. ఆరు నెలలలోపు పిల్లలకు అది ప్రాణాల మీదికి తెస్తుంది.

రుచిని నమ్మకు. ఐరన్ ఉంటే ఎర్రటి మరకలు పడతాయి, మాంగనీస్ ఉంటే నల్లటివి. ఆర్సెనిక్‌కు రంగూ లేదు, వాసనా లేదు, రుచీ లేదు. బంగ్లాదేశ్‌లో జరిగింది ఇదే. చెరువుల నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి లక్షలాది గొట్టపు బావులు వేశారు. అందరూ మంచినీళ్లే అనుకున్నారు. 1993లో గానీ వాటిలో ఆర్సెనిక్ ఉందని బయటపడలేదు. అప్పటికే ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు ఒంటి మీద మచ్చలు, అరచేతులు మొద్దుబారి గట్టిపడటం, కొందరికి క్యాన్సర్లు. తర్వాత ఒక్కో బోరునూ పరీక్షించి, ఎక్కువున్నదానికి ఎర్ర రంగు, తక్కువున్నదానికి ఆకుపచ్చ రంగు వేశారు. ఎర్ర బోరుకు కొద్ది గజాల దూరంలోనే ఆకుపచ్చది ఉండేది. అందుకే పక్కింటివాళ్ల రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకోవద్దంటున్నాను. లోతు మారితే నీళ్లూ మారతాయి.

టీడీఎస్ మీటరు చేతిలో ఉంది కదా అనుకునేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్సెనిక్‌కు పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో నూరో వంతు. మీటరేమో కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి వందల మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. అందులో ఇది ఆనవాలైనా కనిపించదు.

ఇక శాంపిల్ పట్టడం. రిపోర్టు తప్పుగా వస్తే తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. సీసాలు ల్యాబ్ దగ్గరే తీసుకో, ఇంట్లో ఉన్న వాటర్ బాటిల్ వాడకు. లోహాల కోసం ఇచ్చే సీసా అడుగున నాలుగు చుక్కల ద్రవం ఉండొచ్చు. ఏదో మురికి అనుకుని కడిగేస్తారు. అది నైట్రిక్ ఆసిడ్ నాన్నా, కావాలనే వేస్తారు. అది లేకపోతే నీళ్లలోని ఐరన్ గాలి తగిలి తుప్పులా పేరుకుంటుంది, ఆర్సెనిక్ ఆ తుప్పుకు అంటుకుని అడుగుకు పోతుంది, రిపోర్టులో ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. కాబట్టి కడగకు, పొంగేలా నింపకు, చేతికి, కళ్లకు తగలనివ్వకు. బ్యాక్టీరియా సీసా లోపల కొంచెం తెల్లటి పొడి ఉంటే అదీ అంతే, నీళ్లలో క్లోరిన్ ఉంటే అది పనిచేయకుండా చేయడానికి వేసింది. దాని మూత లోపలి వైపు వేలు పెట్టకు, చల్లగా ఉంచి 24 గంటల్లోపు ల్యాబ్‌లో ఇచ్చేయ్. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా. రాడాన్‌కు మాత్రం వేరే గాజు సీసా, గాలి బుడగ లేకుండా మూయాలి.

నీళ్లు ట్యాంకు నుంచి కాదు, ఫిల్టర్ తర్వాత కాదు, బోరు దగ్గరి కుళాయి నుంచే పట్టు. మోటారు వేసి నీళ్లు కాసేపు బాగా పోనివ్వు. నీది కొత్త బోరు కాబట్టి డ్రిల్లింగ్ మట్టి, వేసిన క్లోరిన్ పూర్తిగా పోయేదాకా ఆగు. బురద నీళ్లు పడితే ఆసిడ్ ఆ మట్టిలోని లోహాలను కూడా కరిగిస్తుంది, లేనిపోని టెన్షన్.

రిపోర్టు వచ్చాక ముందు యూనిట్లు చూడు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, యురేనియం 30 మైక్రోగ్రాములు. మిల్లీ, మైక్రో తేడా వెయ్యి రెట్లు. ప్రభుత్వ హద్దు ఇంతకన్నా తక్కువుంటే దాన్నే పాటించు. ఆర్సెనిక్ ఎదురుగా "బీడీఎల్" అని, అంటే ల్యాబ్ పద్ధతికి కనిపించేంత లేదని ఉంటే, కనీసం ఎంత ఉంటే మీకు కనిపిస్తుందని ల్యాబ్‌వాళ్లను అడుగు. వాళ్ల పద్ధతికి 50 మైక్రోగ్రాముల లోపు కనపడదంటే ఆ బీడీఎల్‌కు విలువ లేదు. ఇది డబ్బు కట్టకముందే అడిగితే ఇంకా మంచిది.

ఎక్కువని తేలితే కాచి తాగొచ్చనుకోకు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ పోవు. నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కనవుతాయి. వంటకూ, తాగడానికీ వేరే నీళ్లు చూసుకో. ఫిల్టర్ కొనడం తర్వాతి మాట, దేనికోసమో తెలిశాకే కొను. కార్బన్ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను ఆపదు. ఆర్‌వో బాగానే ఆపుతుంది, కానీ బోరు నీళ్లలో ఉండే ఒక రకం ఆర్సెనిక్ దాన్ని కూడా దాటుకుని వస్తుంది. ఏది పెట్టినా, దాంట్లోంచి వచ్చే నీళ్లను కూడా ఒకసారి పరీక్షకు పంపు.

అంతా బాగుంటే బ్యాక్టీరియా, నైట్రేట్ ఏటా చూపించు, మిగతావి మూడు నాలుగేళ్లకోసారి. బోరు లోతు పెంచినా, వరద నీళ్లు లోపలికి పోయినా, కరువులో నీటిమట్టం బాగా దిగినా ఆ గడువు చూడకుండా వెంటనే చేయించు.

రిపోర్టు రాగానే యూనిట్లు కనిపించేలా ఫొటో తీసి పంపు, నేనూ చూస్తాను. అంతవరకు పిల్లలకు ఇప్పుడు తాగుతున్న నీళ్లే ఇవ్వండి.

ఇట్లు,
పెద్దమ్మ