మాస్టారికి ఉత్తరాలు: ఇంట్లో ఎప్పుడు చెప్పాలి?

ఈసారి మూడు ఉత్తరాలూ, గే అన్న సంగతి ఇంట్లో చెప్పడం అనే ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి మూడింటినీ కలిపి ప్రచురిస్తున్నాం. రాసినవారి పేర్లు, ఊర్లు తీసేశాం. కొత్త పాఠకులకు ఒక మాట: ఈ శీర్షిక రాసే నేను రిటైరైన లెక్కల మాస్టారిని, గేని. రెండో సంగతి నా సర్వీసు పూర్తయ్యేదాకా స్టాఫ్‌రూములో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మాస్టారూ, నాకు ఇరవై ఏడేళ్లు. ఉద్యోగరీత్యా ఇంటికి దూరంగా ఉంటున్నాను. నేను గేనని ఇంటర్ చదివే రోజుల నుంచే నాకు తెలుసు. ఇప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నాన్న వారానికో అమ్మాయి ఫొటో పంపుతున్నారు. పండుగ సెలవులకు వెళ్లినప్పుడు అమ్మానాన్నలిద్దరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పేద్దామనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి? ఏడవకుండా చెప్పడం ఎలా?

జవాబు: చివరిదానికి ముందు సమాధానం చెబుతాను. ఏడుపు వస్తే ఏడవండి. దాన్ని ఆపుకునే ప్రయత్నంలో పడితే చెప్పాల్సిన మాట తడబడుతుంది.

మిగతా సలహా మీకు రుచించకపోవచ్చు. ఈ సెలవుల్లో చెప్పవద్దు. "ఇప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు" అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. జీవితంలో మొదటిసారి ఈ మాట పైకి అనబోతున్నారు, అదీ మీకు అందరికన్నా ఎక్కువ కావలసిన ఇద్దరి ముందు. ఆ రాత్రి వాళ్లు మీతో మాట్లాడటం మానేస్తే మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? ఎవరి ఇంట్లో పడుకుంటారు? వెంటనే ఒక పేరు తట్టకపోతే మీరింకా సిద్ధం కాలేదని నా లెక్క. రెండు పేర్లుంటే ఇంకా మంచిది.

పైగా పండుగ రోజులు. ఇంటినిండా చుట్టాలు, ముందు గదిలో మేనత్త, వంటింట్లో పిన్ని. మీ అమ్మగారికి కాసేపు తలుపు వేసుకుని కూర్చునే వీలు కూడా ఉండదు. ఈ వార్త విన్న మనిషికి అందరి ముందూ నవ్వుతూ వడ్డించే పని పెట్టడం ఏం న్యాయం? ఎవరూ లేని మామూలు రోజు చూసుకోండి. మీరు ఆ తర్వాత రెండు మూడు రోజులు అక్కడే ఉండగలగాలి. అవసరమైతే ఆ రాత్రే బయలుదేరగలగాలి కూడా.

నా సంగతి చెబుతాను. నేను మొదట చెప్పింది ఒక స్నేహితుడికి. ఇద్దరం చదరంగం ఆడుతున్నాం. విన్నాడు, తల ఊపాడు, "సరే, నీ ఎత్తు వెయ్యి" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క కూడా లేదు. ఓదార్పు మాటలు పది చెప్పినా నాకు అంత మేలు జరిగేది కాదేమో. ఈ మాట బయటికి అన్నా ఆట ఆగదని అప్పుడే తెలిసింది. తర్వాత అక్కయ్యకు చెప్పాను. గొంతు వణికింది గాని మాటలు దొరికాయి. నాన్నగారి దాకా వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఆయన విని లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలాకాలం నాతో వానల గురించి, కరెంటు బిల్లు గురించి తప్ప మాట్లాడలేదు. అన్నాళ్లూ నన్ను నిలబెట్టింది అక్కయ్య, ఆ చదరంగం స్నేహితుడు, ఆదివారాలు కలుసుకునే ఒక చిన్న గుంపు.

ఆ గుంపు గురించి చెప్పాలి. కమ్యూనిటీ అనగానే చాలామందికి జెండాలూ ఊరేగింపులూ గుర్తొస్తాయి. నాకూ ఇష్టమే. హైదరాబాద్‌లో 2013లో ప్రైడ్ నడక జరిగినప్పుడు నేనూ వెళ్లాను. బడిపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చూస్తారేమోనని రోడ్డుకు అవతలి వైపున, కూరగాయలకు వెళ్తున్నవాడిలా నడిచాను. కానీ ఏడాదిలో మిగతా రోజులుంటాయి కదా. మా గుంపులో ఒక బ్యాంకు గుమాస్తా, ఒక దర్జీ, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఉండేవారు. మేం మాట్లాడుకున్నది చాలావరకు ఇంటి అద్దెల గురించి, తల్లుల మోకాళ్ల నొప్పుల గురించి. దర్జీకి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రిలో ఎవరు ఏ రాత్రి ఉండాలో చీటీ రాసుకున్నాం. నా దృష్టిలో కమ్యూనిటీ అంటే ఆ చీటీలో పేరున్నవాళ్లు.

మీకు అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు? మా కాలంలో చాలా వెతకాల్సి వచ్చేది. గే హక్కుల కార్యకర్త అశోక్ రావ్ కవి 1990లో 'బాంబే దోస్త్' పత్రిక, 1994లో ముంబైలో హమ్‌సఫర్ ట్రస్ట్ మొదలుపెట్టినప్పుడు, మనలాంటివాళ్లు ఒక ఆఫీసు తెరిచి బోర్డు పెట్టుకున్నారన్న వార్తే మాకు పెద్ద ధైర్యం. ఇప్పుడు పెద్ద నగరాలన్నింటిలో ఏదో ఒక బృందం ఉంటోంది, మీ కంపెనీలోనే ఉద్యోగుల బృందం ఉండవచ్చు. డేటింగ్ యాప్‌లలో స్నేహితులు దొరకరని అనను గాని, వాటితో మొదలుపెట్టమని మాత్రం చెప్పను. పుస్తకాల గురించో సినిమాల గురించో నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటికి వెళ్లండి. మొదటి రోజు నోరు విప్పకపోయినా పరవాలేదు. మూలన కూర్చుని టీ తాగి వచ్చేసినవాళ్లను చాలామందినే చూశాను. తర్వాత వాళ్లే కుర్చీలు సర్దేవారు.

ఇదంతా ముందు ఎందుకంటున్నానంటే, తల్లిదండ్రులు అడిగే అసలు ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మొదట "మా పెంపకంలో లోపం ఏమిటి?" అంటారు. తర్వాత "నలుగురిలో తల ఎత్తుకోవడం ఎలా?" అంటారు. ఆ రెండూ కాలక్రమంలో సద్దుమణుగుతాయి. మూడోది, బయటికి అనకపోయినా రాత్రుళ్లు వాళ్లకు నిద్ర పట్టనివ్వనిది, "మేం పోయాక వీడికి ఎవరున్నారు?" అన్నది. దానికి మాటలతో సమాధానం చెప్పలేరు, మనుషులను చూపించాలి. మా నాన్నగారు వానల గురించి మాట్లాడటం మాని నా గురించి అడగడం మొదలుపెట్టింది, నాకు జ్వరం వచ్చినప్పుడు మా గుంపులో ఒకతను క్యారేజీతో రావడం చూశాకే.

ఇక పెళ్లి ఫొటోలు. పెద్ద మాట చెప్పేదాకా ఈ చిన్న మాట చెప్పండి: "నాన్నా, నాకిప్పుడు పెళ్లి ఉద్దేశం లేదు. ఫొటోలు పంపవద్దు, ఎవరికీ మాట ఇవ్వవద్దు." ఇది అబద్ధం కాదు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. సర్దుకోవు. ఏ పాపం తెలియని ఒక అమ్మాయి, తనలో ఏం తక్కువైందో అర్థం కాక జీవితమంతా కుమిలిపోతుంది. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడను.

చట్టం గురించి కూడా తెలుసుకుని వెళ్లండి, అడుగుతారు. మనలాంటివాళ్ల సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ మీదే నేను మూడు తీర్పులు చూశాను. 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ మనపై వర్తించదంటే స్వీట్లు పంచుకున్నాం. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు, నవతేజ్ సింగ్ జోహార్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపూర్వకంగా ఉండే వయోజనుల మధ్య సంబంధం నేరం కాదని ఏకగ్రీవంగా తేల్చింది. మీరు నేరస్థులు కారు. పెళ్లి హక్కు మాత్రం ఇంకా లేదు. 2023 అక్టోబర్ 17 తీర్పులో అది చట్టసభల పని అన్నారు. ఇంట్లో లేనిపోని ఆశలూ పెట్టవద్దు, లేనిపోని భయాలూ మిగల్చవద్దు.

చివరగా, ఎలా మొదలుపెట్టాలన్నారు. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ఇద్దరిలో ఎవరు ముందు వింటారో మీకే తెలుసు. "అమ్మా, నాకు అమ్మాయిల మీద ఆ రకమైన ఇష్టం కలగదు. అబ్బాయిల మీదే కలుగుతుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే. నేను ఆరోగ్యంగానే ఉన్నాను. ఇందులో నీ తప్పూ లేదు, నాన్న తప్పూ లేదు." ఇంతే చాలు. ఆ తర్వాత ఆమెను మాట్లాడనివ్వండి. మొదటి రోజు అన్న మాటలను గుర్తుపెట్టుకోకండి. మీరు పదేళ్లుగా ఆలోచిస్తున్న విషయం, ఆమె ఆ నిమిషంలో వింటున్నారు.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి తాను గేనని పోయిన నెల నాతో చెప్పాడు. మావారికి ఇంకా తెలియదు. మా బంధువు ఒకరు, మందులతో, కౌన్సెలింగ్‌తో ఇలాంటి పిల్లలను మార్చే డాక్టరు ఉన్నాడని చెబుతున్నారు. తీసుకెళ్లమంటారా? ఈ బాధ నేను ఎవరితో చెప్పుకోను?

జవాబు: తీసుకెళ్లవద్దమ్మా. జబ్బయితే కదా మందు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే దీన్ని వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా ఇది జబ్బు కాదని 2018లో స్పష్టంగా ప్రకటించింది. మారుస్తామంటూ చేసే చికిత్సలు వైద్యుల వృత్తి నియమాలకు విరుద్ధమని, 2022లో జాతీయ వైద్య కమిషన్ మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు చెప్పింది. అంటే ఆ డాక్టరు మీ అబ్బాయికి చేయబోయే పనికి ఆయన మీదే చర్య తీసుకోవచ్చు.

ఆ మద్రాసు హైకోర్టు కేసులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఇద్దరు యువతులు తల్లిదండ్రుల వల్ల ఇబ్బంది పడి కోర్టుకు వెళ్లారు. విచారించిన జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం తనకు సరిగా అర్థం కాలేదని బహిరంగంగానే చెప్పి, ముందు తానే ఒక మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 2021 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది ఆ తర్వాతే. కౌన్సెలింగ్ అవసరమైతే మీరూ అలా వెళ్లండి, మీ కోసం. టెలి మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒక చిన్న విషయం. బంధువు డాక్టరు పేరు చెప్పారంటే ఆయనకు సంగతి తెలిసిందన్నమాట. అబ్బాయిని అడిగే చెప్పారా? మీ వారికి చెప్పేముందైనా వాడిని అడగండి. "నాన్నకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా, ఇప్పుడు వద్దా?" అని. వాడు మిమ్మల్ని నమ్మి చెప్పాడు, ఆ మాట ఎక్కడికి వెళ్లాలో వాడే నిర్ణయించుకోవాలి.

బాధ చెప్పుకోవడానికి మీలాంటి తల్లులే ఉన్నారు. స్వీకార్ ది రెయిన్‌బో పేరెంట్స్ అని మన దేశంలో తల్లిదండ్రుల బృందం ఉంది. తమ పిల్లలకు పెళ్లి హక్కు ఇవ్వమని 2023లో ఆ బృందంలోని నాలుగు వందల మందికి పైగా తల్లిదండ్రులు భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. అమెరికాలో ఇలాంటి సంఘానికి బీజం వేసింది జీన్ మాన్‌ఫర్డ్ అనే తల్లి. 1972లో న్యూయార్క్ ఊరేగింపులో కొడుకు పక్కన అట్ట పట్టుకుని నడిచారు, మరుసటి ఏడాది ఇరవై మంది దాకా కూడితే మొదటి సమావేశం పెట్టారు. ఆవిడా నాలాగే బడిపంతులని తెలిసి మురిసిపోయాను. నాకంటే చాలా ధైర్యవంతురాలు లెండి, ఆవిడ రోడ్డు మధ్యలోనే నడిచారు.

ప్రశ్న: నాకు పంతొమ్మిదేళ్లు. హాస్టల్లో ఉంటాను. యాప్‌లో పరిచయమైన ఒకతను నా ఫొటోలు నాన్నకు పంపుతానని బెదిరిస్తూ డబ్బు అడుగుతున్నాడు. కొంత ఇచ్చాను. మళ్లీ అడుగుతున్నాడు. అతను చెప్పేలోపు నేనే ఇంట్లో చెప్పేయాలా? నాన్న ఫీజు ఆపేస్తారని భయం.

జవాబు: ఇంక ఒక్క రూపాయి ఇవ్వకు నాయనా. ఇస్తే ఆగుతాడనుకోవడం తప్పు, ఇచ్చినకొద్దీ అడుగుతాడు. మెసేజ్‌లు, అతని నంబరు, డబ్బు పంపిన రసీదులు ఏవీ తుడిచేయకు. స్క్రీన్‌షాట్లు తీసి ఇంకెక్కడైనా కూడా దాచు. నీకు పద్దెనిమిది దాటాయి, నువ్వు చేసినదాంట్లో నేరం లేదు. బెదిరించి డబ్బు గుంజడం మాత్రం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తే ఒంటరిగా వెళ్లకు, వీలైతే ఒక లాయరును, లేదా ఏదైనా గే హక్కుల బృందంలో అనుభవమున్న వారిని వెంట తీసుకెళ్లు.

ఇంట్లో చెప్పడం గురించి: వాడి బెదిరింపు కోసం తొందరపడి చెప్పకు. తిండి, ఫీజు, పడక ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు మౌనంగా ఉండటం పిరికితనం కాదు. కానీ హాస్టల్లోనో బయటో నమ్మదగిన ఒక్కరికి ఈ రోజే చెప్పు, బెదిరింపు సంగతి వరకైనా. ఒకవేళ వాడు నిజంగానే పంపితే, నాన్నగారికి ఫోన్ చేసే సమయానికి నీ పక్కన ఒక మనిషి ఉండాలి.

నీ ఉత్తరం మీద చిరునామా లేదు, ఫరవాలేదు. మళ్లీ రాసినప్పుడు ముందు డబ్బు ఆపావో లేదో రాయి.